వానాకాలం వాళ్ళది, ఎండాకాలం మాది

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో మా ఇంటి వెనక నుంచి పంజాగుట్ట వైపు ఒక బండిబాట పోయేది. ఆ బాట పక్కన మాకొక గుట్ట ఉండేది. ఈ మాట చెబితే మా మేడ మీద హాస్టల్లో ఉండే ఆడపిల్లలు నమ్మరు. వాళ్ళకు తెలిసిన అమీర్‌పేటలో గుట్టలంటే కంప్యూటర్ పుస్తకాల గుట్టలే. మైత్రీవనం దగ్గర నిలబడి తల ఎత్తితే ఆకాశానికి బదులు కోర్సుల బ్యానర్లు కనబడతాయి. అక్కడే ఎక్కడో ఒక చింతచెట్టు కింద నేను మధ్యాహ్నాలు నిద్రపోయానంటే, పెద్దావిడ ఏదో చెబుతోందిలే అన్నట్టు నవ్వుతారు. నవ్వనీ. నాకైనా ఒక్కోసారి కల కన్నానేమో అనిపిస్తుంది.

గుట్ట అంటే ఉత్త రాళ్ళ గుట్ట కాదు. మా ముత్తాతల నాటి నుంచి మావాళ్ళు కాపాడుకుంటూ వచ్చిన అడవి అది. దున్నడం లేదు, విత్తడం లేదు. ఏ కాలానికి ఏది వస్తే అది ఏరుకోవడమే. తొలకరి పడితే బండల సందున తుమ్మికూర మొలిచేది, చెదపుట్టల మీద పుట్టకొక్కులు గొడుగులు విప్పేవి, కంచె పొడవునా బోడకాకర తీగ పాకేది. దసరా దగ్గర పడుతుంటే సీతాఫలాలు కళ్ళు విప్పేవి. కాయ మీది గీతలు వెడల్పయి తెల్లబడితే కళ్ళు విచ్చాయంటారు. విచ్చకుండా తెంపిన కాయను ఎన్నాళ్ళు గడ్డిలో పెట్టినా నల్లబడుతుందే తప్ప పండదు. చలికాలం రేగుపండ్లు, ఉసిరికాయలు. శివరాత్రి దాటాక చింతపండు, ఉగాదికి చింతచిగురు, ఎండ ముదిరితే తునికి పండ్లు, పాలపండ్లు, ఇక వాన రేపో మాపో అనగా నేరేళ్ళు. ఆ పేర్లు ఇలా వరసగా చెప్పుకుంటుంటేనే నాకు నోరూరుతుంది, కళ్ళు కూడా.

ఊరికే తినడం కాదు, చాకిరీ కూడా ఉండేది. వానాకాలంలో చెట్ల మొదళ్ళ దగ్గర రాళ్ళు పేర్చి నీళ్ళు ఆపాలి. వానలు వెనక్కి తగ్గాక గడ్డి కోయాలి, గుట్ట చుట్టూ బండి పట్టేంత వెడల్పున నేల గీరి శుభ్రం చేయాలి. బాటన పోయేవాడు ఎవడైనా బీడీ పారేస్తే నిప్పు ఆ గీరిన నేల దాటి పైకి రాకూడదు. ఎండాకాలంలో మేకల్ని తోలాలి, ఎందుకంటే సీతాఫలం పూత పూసేది అప్పుడే. ఇవన్నీ మా నాయన, మా చిన్నాయన కలిసి చేసేవాళ్ళు. వెనకాల నేనూ, చిన్నాయన కూతురూ బుట్టలు పట్టుకుని తిరిగేవాళ్ళం. తను నాకంటే కొన్ని నెలలే చిన్న. అయినా నన్ను అక్కా అనే పిలిచేది, ఆ అక్క అనే మాటకు సగం పండ్లు నా దగ్గర లాక్కునేది. తను లేకుండా నేను గుట్ట ఎక్కిన రోజు ఒక్కటి కూడా గుర్తులేదు.

అలాంటి ఇంట్లో అన్నదమ్ములకు చెడింది. చిన్నాయన తన గదికి దూలం కావాలని, అన్నను అడగకుండా నేరేడు కొమ్మ పెద్దది ఒకటి కొట్టించాడు. మా నాయనకు కోపం ముక్కు మీదే ఉండేది. ఒక మాట అన్నాడు, చిన్నాయన రెండు మాటలన్నాడు, చిలికి చిలికి గాలివాన అయింది. నెల తిరిగేసరికి వాకిలి మధ్యలో మట్టిగోడ లేచింది. గోడకు అటు వాళ్ళు, ఇటు మేము. మా నాయనమ్మ మా వైపు పడుకునేది, పగలు ఆ వైపు కూడా పోయి వచ్చేది. పిల్లలు మాత్రం గోడ దాటకూడదన్నారు. నేను గోడకు చెవి ఆనించి చెల్లె గొంతు వినేదాన్ని. అవతల తను కూడా అదే చేసేదని చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది.

ఇక గుట్టను పంచుకోవాలన్నారు. మా వైపు పద్ధతి ఏమిటంటే పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు ముందు ఏరుకోవాలి. అప్పుడు పెద్దవాడు మోసం చేయడానికి ఉండదు. మా నాయన నడుమ రాళ్ళ వరస వేద్దామని సున్నం కూడా తెప్పించాడు. గుట్ట నడుమ రాళ్ళు పడితే చింతలు ఎవరివో, సీతాఫలాలు ఎవరివో నాకు అక్కర్లేదు. నాకు తెలిసింది ఒక్కటే, ఇక చెల్లె అటు, నేను ఇటు. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. నన్ను ఎవరూ బతిమాలలేదు కూడా, ఇంట్లో అందరూ అలాగే ఉన్నారు.

వాటాలు వేసే రోజు నాయనమ్మ కట్టె పట్టుకుని గుట్ట కిందికి వచ్చింది. కొడుకులిద్దరినీ రాళ్ళు కింద పెట్టమంది.

"నేను బతికుండంగ వాటాలు నేనే పెడుత. వాన పడ్డనాటి సంది శివరాత్రి దాక గుట్ట ఒకనిది. శివరాత్రి సంది మళ్ళ వాన పడేదాక ఇంకొకనిది. గీత గీసుడు లేదు. చిన్నోడా, ఏ కాలం గావాల్నో ఏరుకో."

నేలను పంచడం అందరూ చూశారు గానీ కాలాన్ని పంచడం ఎవరూ చూడలేదు. నెలలు సమానంగా లేవని మా నాయన గొణిగాడు. చింతపండు ఒక్కటి చాలు ఆ లెక్క సరిపోవడానికని నాయనమ్మ కొట్టిపారేసింది. చిన్నాయన సీతాఫలాల మీద ఆశతో వానాకాలం ఏరుకున్నాడు. ఎండాకాలం మాకు మిగిలింది. అప్పుడు నాయనమ్మ అసలు సంగతి చెప్పింది. ఒకరి కాలంలో రెండోవాళ్ళు గుట్టకు పరాయివాళ్ళు కారు, చుట్టాలు. వాళ్ళను బొట్టు పెట్టి పిలవాలి. కాళ్ళకు నీళ్ళివ్వాలి. ఆ కాలంలో వచ్చినదాన్ని ముందు చుట్టాలకు పెట్టి, వాళ్ళు తిన్నాకే ఇంటివాళ్ళు నోట్లో వేసుకోవాలి. పిలవకపోతే ఏమవుతుందని చిన్నాయన అడిగాడు. పిలవకపోతే చుట్టం రాడు, అంతే, అని చెప్పి నాయనమ్మ కట్టె టకటకలాడించుకుంటూ ఇంటికి నడిచింది.

ఆ వానాకాలం మాకు పిలుపు రాలేదు. చిన్నాయనకు ఇంకా కడుపులో మంట చల్లారలేదు. తుమ్మికూర రోజులు పోయాయి, బోడకాకర పోయింది, దసరా వచ్చింది. గోడ అవతల బుట్టల్లో ఆకులు పరిచి సీతాఫలాలు పేరుస్తున్న వాసన మా వైపుకు వచ్చేది. గోడకు అడుగున నీళ్ళు పోవడానికి ఒక కంత ఉండేది. ఒకరోజు పొద్దున ఆ కంతలో కళ్ళు బాగా విచ్చిన సీతాఫలం ఒకటి కనబడింది. చెల్లె పనే. నేను పైటలో దాచుకునే వయసు కాదు, పరికిణీ కుచ్చిళ్ళలో చుట్టుకుని పరుగెత్తాను. నాయనమ్మ చూడనే చూసింది. పండు తీసుకుని మళ్ళీ ఆ కంతలోనే పెట్టి వచ్చింది. చుట్టానికి తూములోంచి పెట్టరట, చుట్టం తూములోంచి తినదట. నాకు ఆ క్షణాన నాయనమ్మ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. చీమలు ఆ పండును తినడం గోడ ఇవతల నుంచి కూర్చుని చూశాను.

శివరాత్రి వచ్చింది. మా కాలం మొదలైంది. గుట్ట మీదికి పోయి చూస్తే గడ్డి నా భుజాల దాకా ఉంది. ఎండి గలగలలాడుతోంది. చిన్నాయన సీతాఫలాలు తెంపుకున్నాడు గానీ గడ్డి కోయలేదు, నేల గీరలేదు. ఎండాకాలం అన్న వాటా కదా, నాకెందుకు అనుకున్నాడు. మా నాయన తిట్టుకుంటూ ఒక్కడే కొడవలి పట్టాడు. పొద్దంతా కోసినా ఆ మూల నుంచి ఈ మూలకు రావడం లేదు. ఉగాది దగ్గర పడింది, ఎండ చురుక్కుమంటోంది. ఒకరోజు దూరాన వేరే గుట్ట మీద పొగ లేచింది. మా నాయన కొడవలి ఆపి చాలాసేపు అటే చూశాడు. మా గుట్ట కాలితే చింతలూ పోతాయి, సీతాఫలం పూతా పోతుంది. అది నాకు కూడా అర్థమైంది.

ఆ సాయంత్రం నాయనమ్మ చిన్నాయన వాళ్ళను భోజనానికి పిలవమంది. నాయన ఒప్పుకోలేదు. తలుపు దగ్గర చెప్పులు తొడుక్కుని బయటికి పోయాడు. నాయనమ్మ నన్ను దగ్గరికి పిలిచి కుంకుమ భరిణె చేతిలో పెట్టింది. నేను ముఖం గంటు పెట్టుకుని నిలబడ్డాను. వాళ్ళు మనల్ని పిలవలేదు కదా, మనమెందుకు పిలవాలి అన్నాను. తూములో పండు గుర్తొచ్చింది.

నాయనమ్మ నా గడ్డం పట్టుకుంది. "వాళ్ళ కాలంల పిలుసుడు వాళ్ళ పని, తప్పిండ్రు. మన కాలంల పిలుసుడు మన పని. గది సుత తప్పుదామా బిడ్డా?"

నువ్వే పోవచ్చు కదా అన్నాను. మొగుడు పోయినదాని చెయ్యి బొట్టుకు పనికిరాదంటుంది లోకం, అని ఆమె మామూలుగానే చెప్పింది, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు. అప్పుడు నాకు ఆ మాట బరువు తెలియలేదు.

భరిణె పట్టుకుని గోడ చుట్టూ తిరిగి వాళ్ళ వాకిట్లోకి పోయాను. చిన్నమ్మ బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చేట కింద పెట్టింది. నేను వేలితో బొట్టు పెట్టి, రేపు గుట్ట మీద భోజనానికి రావాలని, మా కాలమని, మీరు చుట్టాలని నాయనమ్మ నేర్పిన మాటలు ఒక్క ఊపిరిలో అప్పజెప్పాను. పరుపు మీద పడుకున్న చిన్నాయన గోడ వైపు తిరిగాడు. చిన్నమ్మ మాత్రం, పెట్టిన బొట్టును తుడుచుకుంటామా అంది. ఎవరితో అందో నాకు తెలియదు గానీ ఆయనకు వినబడింది. తలుపు చాటు నుంచి చెల్లె నుదురు ముందుకు చాపింది. తనకు కూడా పెట్టాను, కాస్త పెద్దదే.

మర్నాడు చింతచెట్టు కింద రాళ్ళ పొయ్యి మీద నాయనమ్మ చింతచిగురు పప్పు వండింది. చిగురు నేనే దూశాను. వాళ్ళు వస్తారో రారోనని నేను బాట వైపే చూస్తూ కూర్చున్నాను. ఎండ నెత్తికి ఎక్కే వేళకు వచ్చారు. ముందు చెల్లె పరుగెత్తుకుంటూ, వెనక చిన్నమ్మ, చాలా వెనక చిన్నాయన. మా నాయన ముఖం తిప్పుకుని గడ్డిలో నిలబడి ఉన్నాడు. నాయనమ్మ పోయి ఆయన చేతిలో చెంబు పెట్టింది. చుట్టం వస్తే కాళ్ళకు నీళ్ళివ్వాలి, అది ఇంటివాడి పని. నాయన ఆ చెంబు పట్టుకుని కదలలేదు. తర్వాత ఏమనుకున్నాడో, నాలుగు అడుగులు వేసి తమ్ముడి ముందు వంగాడు.

అన్న వంగి తమ్ముడి కాళ్ళ మీద నీళ్ళు పోయడమంటే ఎక్కడైనా ఉంటుందా? చిన్నాయన వెనక్కి దుమికాడు. చెంబు లాక్కున్నాడు. సగం నీళ్ళు ఇద్దరి మీదా పడ్డాయి.

"అన్నా, గింత శిక్ష ఎయ్యకు. నేనే తప్పు జేసిన" అన్నాడు.

మా నాయన విస్తరి వేయమని నాతో అన్నాడు. చుట్టాలకే ముందు వడ్డించాం. చిన్నాయన రెండు ముద్దలు తిన్నాడు, మూడోది పట్టుకుని చుట్టూ ఉన్న గడ్డిని చూశాడు. తినడం అయ్యాక చెయ్యి కడుక్కుని, చెట్టుకు ఆనించి ఉన్న కొడవలి తీసుకున్నాడు. చుట్టం పని చేయొద్దని ఏమన్నా ఉన్నదా అవ్వా, అని అడిగాడు. నాయనమ్మ కట్టెతో గుట్ట మూల చూపించి, అక్కడి నుంచి పట్టమంది. ఆ పొద్దు అన్నదమ్ములు మాట్లాడుకోకుండానే గడ్డి కోశారు. మేమిద్దరం మోపులు మోశాం. చెల్లె మధ్య మధ్యలో, నేను చుట్టాన్ని, నాకు బరువు తగ్గించు అని నన్ను ఆటపట్టించింది.

గోడ పడిపోలేదు. గోడకు ఒక దర్వాజ పెట్టారు, అంతే. కానీ ఆ ఏటి వానాకాలానికి చెల్లె కుంకుమ భరిణె పట్టుకుని మా గడప తొక్కింది. సీతాఫలం నాకు తినిపించాకే తను తిన్నది. అప్పటి నుంచి ఒక కాలం నేను ఇంటిదాన్ని, ఒక కాలం చుట్టాన్ని. ఎండాకాలం పని చేస్తుంటే ఇది వాళ్ళ వానాకాలానికి అనుకునేదాన్ని, మేకల్ని తోలుతుంటే నాకు చెల్లె ముఖమే గుర్తొచ్చేది.

గుట్ట నిలవలేదు. నాయనమ్మ పోయింది, ఊరు పెరిగింది, మేము పెళ్ళిళ్ళై పిల్లలతో సతమతమవుతుండగా గుట్ట ముక్కలు ముక్కలుగా చేతులు మారింది. బండలు పేల్చిన చప్పుడు అమీర్‌పేటలో మా వంటింట్లోకి వినబడేది. ఆ రోజుల్లో గిన్నెలు అదిరినప్పుడల్లా నేను పొయ్యి ఆపి నిలబడేదాన్ని. చెల్లె లక్డీకాపూల్ దగ్గర కాపురం. గుట్ట పోయింది కదా అని మేము కాలాలను వదులుకోలేదు. శివరాత్రి దాటితే నేను భరిణె తీసుకుని బస్సెక్కి పోయి తనను పిలిచేదాన్ని. తొలకరి పడితే తను వచ్చి నన్ను పిలిచేది. చింతచిగురు గంపల వాళ్ళ దగ్గర కొనేదాన్ని, సీతాఫలాలు తను బండి మీద ఏరి కొనేది, ఒక్కో కాయ కళ్ళూ చూసి మరీ. బండివాళ్ళకు మేమంటే హడల్.

మా ఆయన పోయిన ఏడు తొలకరి పడింది. ఈసారి పిలుపు ఉండదని నేను నిశ్చయించుకున్నాను. మొగుడు పోయినదానికి బొట్టు పెట్టి ఎవరు పిలుస్తారు? విభూతి పెట్టుకుని వరండాలో కూర్చున్నాను. ఇంటి నిండా బంధువులున్నారు. చెల్లె వాన నీళ్ళు కారుతున్న గొడుగుతో లోపలికి వచ్చింది, భరిణె తీసింది. ఎవరో వద్దన్నట్టు దగ్గారు. తను కొంగుతో నా నుదుటి మీది విభూతి తుడిచింది.

"మా కాలమొచ్చింది అక్కా. సుట్టాన్ని పిలువనీకి వచ్చిన. నుదురు సూపు" అంది.

నాయనమ్మ ఉప్పు మాటలా చెప్పిన ఆ మాట బరువు నాకు అప్పుడు తెలిసింది. అందరి ముందూ ఏడ్చాను.

నిరుడు వానకు ముందు చెల్లె మా ఇంట్లో నేరేళ్ళు తిని, నల్లబడిన నాలుక చిన్నపిల్లలా చాపి చూపించి నవ్వి వెళ్ళింది. అదే ఆఖరు. తొలకరి పడక ముందే పోయింది, తన కాలం వచ్చే వేళకు తను లేదు.

మొన్న శివరాత్రి దాటాక నా కాలం వచ్చింది. పిలవడానికి ఎవరూ లేరు. భరిణె చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మన కాలంలో పిలవడం మన పని, అది కూడా తప్పుదామా అని నాయనమ్మ అన్నది గుర్తొచ్చింది. మేడ మెట్లు ఎక్కాను. భీమవరం వైపు నుంచి కంప్యూటర్ నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయి తలుపు తీసి, ఏంటండీ ఆంటీ, ఇవాళేం పండగ అంది. పండగ కాదు, నా కాలం, అన్నం తినడానికి రండి అన్నాను. నా ముఖం మీది విభూతినీ, చేతిలోని భరిణెనూ చూసి కాస్త తటపటాయించింది. తర్వాత మెడలోని ఇన్‌స్టిట్యూట్ కార్డు వెనక్కి వేసుకుని నుదురు ముందుకు చాపింది. ఆ రోజు వాళ్ళందరికీ చింతచిగురు పప్పు పెట్టాను. వాళ్ళు తిన్నాకే నేను తిన్నాను.

ఇప్పుడు మళ్ళీ తొలకరి పడింది. అమీర్‌పేట సందుల్లో పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని పరుగెడుతున్నారు. కొన్నాళ్ళకు సీతాఫలాల బండ్లు వస్తాయి. ఇది చెల్లె కాలం, నేను చుట్టాన్ని, పిలవందే పోవడానికి లేదు. పిలుపు రాదని నాకు తెలుసు. అయినా వాన మొదలైన ఈ రోజుల్లో స్నానం చేశాక నేను విభూతి పెట్టుకోను. పొద్దు వాలేదాకా నా నుదురు ఖాళీగా ఉంచుకుంటాను.